మెడలో నరం నొక్కుకున్నాక మళ్ళీ బరువులెత్తడం ఎలా: మొదటి రోజు నుంచి బార్‌బెల్ దాకా

మెడలో నరం నొక్కుకుని కోలుకున్నవాళ్ళు జిమ్‌కి తిరిగి వెళ్ళినప్పుడు ఎక్కువగా పప్పులో కాలేసేది ఒక్కచోటే. మెడనొప్పి తగ్గింది కదా, ఇక అంతా సర్దుకుందనుకుంటారు. ఇబ్బంది పుట్టింది మెడలోనే అయినా దాని లెక్క తేలేది చేతిలో. మెడ హాయిగా అటూ ఇటూ తిరుగుతుండొచ్చు, నొప్పి మాత్రలు మానేసి ఉండొచ్చు. మోచేతిని చాపే ట్రైసెప్స్ మాత్రం ఇంకా సగం బలంతోనే పనిచేస్తుండొచ్చు. అది గమనించకుండా పాత బరువు పెట్టుకుని బెంచ్ మీద పడుకుంటే ఒక చెయ్యి ముందు లొంగిపోతుంది. అందుకని ఏ వ్యాయామం చేయాలి, ఎంత బరువెత్తాలి, ఎప్పుడు పెంచాలి అనే ప్రశ్నలన్నిటికీ ఇక్కడ చేతినే కొలమానంగా పెట్టుకున్నాం. వారాల అంకెలు ఉజ్జాయింపుగా మాత్రమే తీసుకోండి.

ఇది ఆపరేషన్ లేకుండా కోలుకున్నవాళ్ళకి. డిస్క్ తీసి ఎముకలు అతికించినా, కృత్రిమ డిస్క్ వేసినా ఈ గడువులు వర్తించవు. మీ సర్జన్ చెప్పినవే పాటించండి.

లోపల ఏం జరిగింది

మెడలో 7 వెన్నుపూసలు, 8 జతల నరాలు ఉంటాయి. దాదాపు ప్రతి నరమూ రెండు పూసల మధ్య ఉన్న సన్నని రంధ్రం గుండా బయటికొస్తుంది, వాటిలో ముఖ్యంగా కింది నాలుగు జతలు భుజానికీ చేతికీ వెళ్తాయి. డిస్క్ పక్కకి పొడుచుకొచ్చినా, వయసుతో ఎముక అంచులు పెరిగినా ఆ దారి ఇరుకవుతుంది. తల వెనక్కి వంచి, నొప్పి ఉన్న వైపుకే తిప్పితే ఆ రంధ్రం ఇంకా మూసుకుంటుంది. తల కాస్త ముందుకు వంచితే తెరుచుకుంటుంది. ఏ వ్యాయామం ముందు, ఏది చివర అనే నిర్ణయాల్లో సగం ఈ ఒక్క విషయం నుంచే వస్తాయి.

నొప్పికి కారణం నొక్కుడు ఒక్కటే కాదు, నరం చుట్టూ వాపు కూడా. వాపు తగ్గితే నొప్పి తగ్గుతుంది, అప్పటికి స్కాన్‌లో డిస్క్ అలాగే కనిపించినా సరే. ఏ బాధా లేని ఎంతోమందికి ఎంఆర్ఐలో డిస్క్ ఉబ్బు కనబడుతుంది. కాబట్టి స్కాన్ చూసి బరువులు శాశ్వతంగా వదిలేయనక్కర్లేదు. స్కాన్ బాగుందని తొందరపడటమూ తగదు.

మీకు ఏ నరం దెబ్బతిందో తెలిసి ఉండాలి, ఎందుకంటే ఏ కండరాన్ని పరీక్షించుకోవాలో అదే చెబుతుంది (సి అంటే మెడ నరం, పక్కన అంకె పై నుంచి దాని వరస):

- సి5: భుజం పైభాగం, జబ్బ బయటివైపు తిమ్మిరి. చెయ్యి పక్కకి ఎత్తడం కష్టం.
- సి6: బొటనవేలు, చూపుడు వేలు. మోచెయ్యి మడవడం, మణికట్టు పైకెత్తడం బలహీనం.
- సి7: మధ్య వేలు. ట్రైసెప్స్ బలహీనం, అంటే తోసే వ్యాయామాలన్నీ దెబ్బతింటాయి. ఎక్కువమందికి పట్టేది ఇదే.
- సి8: ఉంగరపు వేలు, చిటికెన వేలు. పట్టు సడలుతుంది, డంబెల్ జారుతుంది.

అందరికీ అచ్చంగా ఇలాగే ఉండదు, ఒకదాని హద్దు ఇంకోదానిలోకి వెళ్తుంది. ఒక జాగ్రత్త మాత్రం గుర్తుంచుకోండి: మోచెయ్యి ఎక్కువసేపు మడిచినప్పుడే చిటికెన వేలు తిమ్మిరెక్కుతుంటే తప్పు మోచేతి దగ్గరి నరానిది కావచ్చు. రాత్రిళ్ళు మొదటి మూడు వేళ్ళు మొద్దుబారి, చెయ్యి విదిలిస్తే తగ్గుతుంటే మణికట్టునీ చూపించుకోండి.

ఇవి కనబడితే జిమ్ కాదు, డాక్టరు

చొక్కా గుండీలు పెట్టుకోలేకపోవడం, రాత మారడం, నడకలో తూలుడు, రెండు చేతుల్లోనూ తిమ్మిరి, తల వంచితే వెన్ను వెంట కరెంటు కొట్టినట్టు జిల్లుమనడం, మలమూత్రాలపై పట్టు తప్పడం. ఇవి నరం వేరు దాటి వెన్నుపాము మీద ఒత్తిడి పడుతోందనడానికి గుర్తులు. ఆలస్యం చేస్తే పోయిన బలం తిరిగి రాకపోవచ్చు. చేతిలో బలం రోజురోజుకీ తగ్గుతున్నా, జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, గతంలో క్యాన్సర్, ఈమధ్య పడిపోవడం వంటివి తోడైనా వ్యాయామం ఆపి వెంటనే చూపించుకోవాలి.

1వ అడుగు: మొదలుపెట్టే అర్హత ఉందా?

ఊరికే కూర్చున్నప్పుడు నొప్పి మోచెయ్యి దాటి కిందికి దిగకూడదు. నొప్పికి రాత్రి మెలకువ రాకూడదు. దగ్గినా తుమ్మినా చేతిలోకి జివ్వున పాకకూడదు. మెడ రెండు వైపులా కనీసం 60 డిగ్రీలు తిరగాలి. వేలి చివర మిగిలిపోయిన కొద్దిపాటి మొద్దుతనం అడ్డు కాదు, అది ఆఖరున పోతుంది. ఈ స్థితి వరసగా 10 రోజులు నిలబడితే మొదలుపెట్టొచ్చు. చాలామంది నొప్పి మొదలైన 6 నుంచి 12 వారాల్లో ఇక్కడికి చేరుకుంటారు.

ఒక మెలిక ఉంది. నరాల నొప్పికి ప్రీగాబలిన్, గాబాపెంటిన్ లాంటివి గానీ, స్టిరాయిడ్ గానీ వాడుతుంటే ఈ గుర్తులు అసలు కంటే బాగున్నట్టు కనిపిస్తాయి. వాటిని సొంతంగా ఆపకండి. మోతాదు తగ్గించేటప్పుడు మాత్రం ఆ వారం, ఆ మరుసటి వారం బరువులు పెంచకుండా ఉన్నచోటే ఉండండి.

అర్హత తేలాక చేతి బలం కొలిచి రాసుకోండి. సి7 అయితే వెల్లకిలా పడుకుని ఒక్కో చేత్తో 2 కేజీల డంబెల్‌తో ట్రైసెప్స్ ఎక్స్‌టెన్షన్, అంటే మడిచిన మోచెయ్యి పైకి చాపడం, ఎన్నిసార్లు చేయగలరో లెక్కపెట్టండి. సి6 అయితే అదే బరువుతో హ్యామర్ కర్ల్, అంటే బొటనవేలు పైకి ఉంచి మోచెయ్యి మడవడం, ఎన్నిసార్లో లెక్కపెట్టండి. సి5 అయితే 1 కేజీతో చెయ్యి పక్కకి ఎత్తి భుజం ఎత్తులో ఎన్ని సెకన్లు నిలపగలరో చూడండి. సి8 అయితే పట్టు కొలిచే పరికరం దొరికితే మంచిది, లేకపోతే చుట్టిన టవల్‌ను ఒక్కో చేత్తో ఎంతసేపు గట్టిగా పిసకగలరో లెక్కపెట్టండి. బలహీనమైన చేత్తో ముందు చేయండి, ఊపు తప్పగానే ఆపండి. ఆ తర్వాత మంచి చేత్తో. బలహీనమైనది 9, మంచిది 18 వస్తే మీరు 50 శాతం దగ్గర ఉన్నారన్నమాట. రెండు వారాలకోసారి, రోజులో అదే సమయానికి, వ్యాయామానికి ముందే మళ్ళీ కొలవండి. ఒకవేళ మంచి చేతి అంకె బాగా పడిపోతే ఆరోజు మీరు అలసిపోయారని అర్థం, ఆ కొలత కొట్టేయండి.

2వ అడుగు: మొదటి రెండు వారాలు

నొప్పి వచ్చాక మెడ లోపలి కండరాలు చాలామందిలో సరిగా పనిచేయడం మానేస్తాయి. వాటి పని పైనున్న పెద్ద కండరాలు నెత్తినేసుకుంటాయి. నొప్పి పోయినా ఆ అలవాటు పోదు, పనిగట్టుకుని మార్చాలి.

గడ్డం వంచే వ్యాయామం: వెల్లకిలా పడుకుని తల కింద మడిచిన టవల్ పెట్టుకోండి. తల లేపకుండా, "అవును" అన్నట్టు గడ్డం మెల్లగా గొంతు వైపు దించండి. కదలిక చాలా చిన్నది. 10 సెకన్లు ఆపి వదలండి, 10 సార్లు, రోజూ. మెడ ముందు రెండు పక్కలా తాళ్ళలాంటి కండరాలు ఉబ్బి వేలికి తగులుతుంటే ఎక్కువ బలం పెడుతున్నట్టే, సగానికి తగ్గించండి.

కదలకుండా నెట్టడం: అరచెయ్యి నుదుటికి ఆనించి తలతో చేతిని, చేత్తో తలను నెట్టండి. తల కదలకూడదు. బలం మీ శక్తిలో 20 నుంచి 30 శాతమే. 6 సెకన్లు, 5 సార్లు. తర్వాత రెండు పక్కలకి, చివర్లో వెనక్కి. ఊపిరి బిగపట్టొద్దు.

రెక్క ఎముకలకి: గోడకి ముంజేతులు ఆనించి పైకి జార్చడం, గోడ పుషప్ చివర్లో వీపు గుండ్రంగా అయ్యేలా ఇంకొంచెం తోయడం, తేలికైన బ్యాండ్‌ని ఛాతీ ఎత్తులో విడదీయడం. ఒక్కోటి 15 చొప్పున 2 సెట్లు.

నరాన్ని జార్చే వ్యాయామం జాగ్రత్తగా చేయాల్సినది. చెయ్యి పక్కకి, అరచెయ్యి పైకి పెట్టండి. మోచెయ్యి చాపుతూ తల అదే చేతి వైపు కొద్దిగా వంచండి, మోచెయ్యి మడుస్తూ తల అవతలి వైపు వంచండి. ఒక కొస బిగుస్తుంటే ఇంకో కొస వదులవుతుంది, నరం సాగకుండా తన దారిలో జారుతుంది. 10 సార్లు చాలు, చివర్లో ఆపొద్దు. తల ఆ వైపు వంచితే గుచ్చినట్టుంటే మెడ కదపకండి, చెయ్యి ఒక్కటే కదపండి. తిమ్మిరి పోవాలని చెయ్యి చాచి పట్టి సాగదీసేవాళ్ళున్నారు. చిరాకు మీదున్న నరానికి అంతకంటే చెరుపు లేదు.

కాళ్ళ వ్యాయామాలకి ఈ రెండు వారాలు ఎదురుచూడక్కర్లేదు. తల ఆనించే లెగ్ ప్రెస్, లెగ్ కర్ల్, గ్లూట్ బ్రిడ్జ్ మొదటి రోజు నుంచే చేయొచ్చు. లెగ్ ప్రెస్‌లో హ్యాండిల్స్ పట్టి లాగుతూ తలని వెనక్కి నొక్కడం మాత్రం కూడదు. రోజూ 20 నుంచి 30 నిమిషాల నడక చేతులు ఊపుతూ.

3వ అడుగు: జిమ్‌లో వ్యాయామాల ఎంపిక (సుమారు 3వ వారం నుంచి 6వ వారం దాకా)

వారానికి రెండు రోజులతో మొదలుపెట్టండి, మధ్యలో రెండు రోజుల ఖాళీ ఉండాలి. ఒక్కో వ్యాయామం 2 సెట్లు, 12 నుంచి 15 రెప్స్. బరువు మునుపు అన్ని రెప్స్‌కి వాడినదాంట్లో 40 నుంచి 50 శాతం. సెట్ ఆపేటప్పటికి ఇంకో మూడు నాలుగు రెప్స్ చేయగలననిపించాలి. బరువు ఎత్తేటప్పుడు ఊపిరి వదలండి. ఊపిరి బిగబట్టి ముక్కితే డిస్క్ లోపలా, వెన్నుపాము చుట్టూ ఉన్న ద్రవంలోనూ ఒత్తిడి పెరుగుతుంది. దగ్గితే నొప్పి పాకేది కూడా ఇందుకే.

తోసేవాటికి బార్‌బెల్ వద్దు. బార్ మీద మంచి చెయ్యి బలహీనమైనదాని పని కూడా చేసేస్తుంది, మీకు తెలియను కూడా తెలియదు. ఎత్తు మీద చేతులు పెట్టి పుషప్, ఛాతీ ప్రెస్ యంత్రం, నేల మీద పడుకుని డంబెల్ ప్రెస్ మంచివి. నేల మీద చేస్తే మోచెయ్యి నేలకి ఆగుతుంది కాబట్టి చెయ్యి లొంగినా డంబెల్ మీద పడే ప్రమాదం తగ్గుతుంది. అయినా పక్కన మనిషి ఉంటే మేలు. బలహీనమైన చేతితో ముందు చేయండి. అది 10 దగ్గర ఆగితే మంచి చెయ్యి కూడా 10 దగ్గరే ఆగాలి.

లాగేవాటికి ఛాతీ ఆనించి చేసే రోయింగ్ అన్నిటికంటే మంచిది. గడ్డం కొంచెం లోపలికి, చూపు కిందికి. ఎదురుగా అద్దం ఉంటే తల తెలియకుండానే పైకి లేస్తుంది, బెంచ్‌ని అటు తిప్పేయండి. పుల్‌డౌన్ ఛాతీ ముందుకే, అరచేతులు ఎదురెదురుగా ఉండే హ్యాండిల్‌తో. పైన చేతులు పూర్తిగా సాగకముందే, ఒక జానెడు దూరంలో ఆపండి.

కాళ్ళకి, నడుముకి వచ్చేసరికి ఒక విషయం చాలామందికి తట్టదు. చేతుల్లో వేలాడే బరువు భుజాన్ని కిందికి లాగుతుంది, దాంతో మెడ నుంచి చేతికెళ్ళే నరాలు బిగుస్తాయి. అందుకే డంబెల్స్ పట్టుకుని లంజెస్, డెడ్‌లిఫ్ట్, బరువులు పట్టుకు నడవడం మొదట్లో వద్దు. ఛాతీకి ఆనించి డంబెల్ పట్టుకునే గోబ్లెట్ స్క్వాట్, నడుముకి బెల్ట్‌తో బరువు తగిలించే స్క్వాట్ నయం. డెడ్‌లిఫ్ట్ కావాలంటే 5వ వారం నుంచి, మోకాలి ఎత్తు దిమ్మల మీది నుంచి, పాత బరువులో 30 నుంచి 40 శాతంతో. చూపు రెండు మీటర్ల ముందు నేల మీద ఉండాలి. "తల పైకెత్తు, ఛాతీ పైకెత్తు" అని అరిచే కోచ్‌ల మాటలో రెండోది తీసుకోండి, మొదటిది వదిలేయండి.

తల మీదికి ఎత్తేవి ఈ దశలో వద్దు. వాటి బదులు బార్ ఒక కొస మూలకి ఆనించి, రెండో కొస ఏటవాలుగా తోసే ల్యాండ్‌మైన్ ప్రెస్ చేయండి, ఒక మోకాలి మీద నిలబడి. చెయ్యి నిట్టనిలువుగా వెళ్ళదు కాబట్టి మెడ వెనక్కి వంగే అవసరం రాదు.

పూర్తిగా పక్కన పెట్టాల్సినవి: మెడ వెనకకి దించే పుల్‌డౌన్, ప్రెస్, అప్‌రైట్ రో, బరువైన ష్రగ్స్, తల వెనక చేతులు పెట్టి లాగే క్రంచెస్, ఊపుతో చేసే పులప్స్, తల మీద భారం వేసే మెడ బ్రిడ్జ్, శీర్షాసనం. చివరి రెండూ మళ్ళీ ఎప్పటికైనా అవసరమా అని ఆలోచించుకోండి. కుస్తీ మీ ఆట అయితే తప్ప వాటితో ఒరిగేదేమీ లేదు.

పెంచాలా, ఆగాలా, తగ్గాలా

సెట్ జరుగుతున్నప్పుడు, ముగిసిన గంటకి, మర్నాడు ఉదయం: ఈ మూడుసార్లు బాధ ఎంతవరకు పాకిందో చూడండి. బాధ ఎంత గట్టిగా ఉందన్నది రెండో ప్రశ్న. మునుపు వేళ్ళ దాకా వచ్చేది ఇప్పుడు భుజం దగ్గరే ఆగుతుంటే, మెడ కాస్త ఎక్కువ నొచ్చినా సరే, అది మెరుగే. మెడ తేలికైపోయి ముంజేతిలోకి తిమ్మిరి దిగుతుంటే నొప్పి తక్కువైనా అది చెడు.

మెడలో పదికి రెండు మూడు మించని నొప్పి ఉండి, చేతిలో ఏమీ లేక, 24 గంటల్లో మామూలైతే ముందుకెళ్ళండి. చేతిలోకి పాకినది సెట్ ఆపిన కొద్ది నిమిషాల్లో పోతే ఆ వ్యాయామం ఆరోజుకి ఆపి, వచ్చేసారి బరువు 20 శాతం తగ్గించండి. మర్నాటికీ పోకపోతే ఆ వ్యాయామాన్ని రెండు వారాలు మానేయండి.

పెంచేటప్పుడు ఒక్కటే పెంచండి. ముందు రెప్స్ 15కి తేవాలి, తర్వాత సెట్లు 3 చేయాలి, ఆ తర్వాతే బరువు, అదీ 5 శాతం లేదా దొరికే అతి చిన్న ప్లేటు. బరువూ, రోజులూ, కొత్త వ్యాయామమూ ఒకే వారం కలిపేస్తే తేడా వచ్చినప్పుడు దేన్ని తప్పుపట్టాలో తెలియదు.

బలహీనమైన కండరం విషయంలో ఓపిక పట్టాలి. నరం పోగులు కేవలం నొక్కుకుని మొద్దుబారితే బలం వారాల్లో వస్తుంది. పోగులే దెబ్బతింటే అవి తిరిగి పెరిగే వేగం రోజుకి సుమారు 1 మిల్లీమీటరు. మెడ నుంచి ట్రైసెప్స్‌కి 30 సెంటీమీటర్లనుకున్నా అది నెలల పని. ఈలోగా బరువు గుద్దితే నరం త్వరగా పెరగదు, పక్క కండరాలు దొంగ సాయం చేయడం నేర్చుకుంటాయి. ఆ కండరానికి వారానికి మూడుసార్లు, తక్కువ బరువుతో, చెయ్యి వణకకముందే ఆపే సెట్లు ఇవ్వండి. అయినా మూడు కొలతల్లో, అంటే ఆరు వారాల్లో, అంకె కదలకపోతే నరాల డాక్టరుకి చూపించి నరాల వేగం పరీక్ష అవసరమేమో అడగండి.

4వ అడుగు: బార్‌బెల్ దగ్గరికి

ఏడో వారం రావడం ఒక్కటే చాలదు. బలహీనమైన చెయ్యి మంచి చేతిలో 90 శాతానికి చేరాలి, వరసగా రెండు వారాలు చేతిలోకి ఏమీ పాకకూడదు. చాలామందికి ఇది వ్యాయామం మొదలుపెట్టాక 8 నుంచి 12 వారాల మధ్య, కొందరికి ఇంకా ఆలస్యంగా వస్తుంది.

బెంచ్ ప్రెస్ మొదట. ఛాతీకి కొంచెం పైన భద్రతా కడ్డీలు పెట్టుకుని, పాత గరిష్ఠ బరువులో 50 శాతంతో 8 రెప్స్. బరువెక్కువైనప్పుడు తలని బెంచ్‌లోకి గట్టిగా నొక్కే అలవాటు చాలామందికి ఉంటుంది, మర్నాటి మెడనొప్పిలో దాని వాటా పెద్దది. తల ఆనించి ఉంచండి, నొక్కొద్దు. తర్వాత నేల మీది నుంచి డెడ్‌లిఫ్ట్. ఆ తర్వాత స్క్వాట్. బార్ మెడ మొదట్లో పెట్టే పద్ధతిలో బార్ దిగువ మెడ పూసకి దగ్గరగా కూర్చుంటుంది, తల ఎత్తే ప్రమాదమూ ఎక్కువ. భుజాలు సహకరిస్తే రెండు మూడు అంగుళాలు కిందికి, రెక్క ఎముకల మీదికి దించి పెట్టుకోండి. తల మీదికి ఎత్తే ప్రెస్ ఆఖరు: ముందు 75 డిగ్రీల బెంచ్‌కి ఆని డంబెల్స్‌తో, తర్వాత నిలబడి బార్‌తో. బార్ ముఖం దాటేటప్పుడు గడ్డం లోపలికి లాగాలి తప్ప తల వెనక్కి పడకూడదు.

వారానికి 2.5 నుంచి 5 శాతం పెంచండి, ప్రతి నాలుగో వారం బరువు 20 శాతం దించండి. ఒకటి రెండు రెప్స్ మాత్రమే వచ్చే భారీ బరువులు, ఊపిరి బిగబట్టి ఎత్తడం రెండు చేతులూ సమానమయ్యాకే.

పక్కదారి పట్టేవి

రోయింగ్ తర్వాత మెడ పక్కన మంట వస్తుంటే భుజాలు చెవుల దాకా లేస్తున్నాయన్నమాట. బరువు తగ్గించి, ముందు భుజం కిందికి దించి ఆ తర్వాత మోచెయ్యి లాగండి. జిమ్‌కి వెళ్ళని రోజుల్లోనే తిమ్మిరి పెరుగుతుంటే బరువుల్ని తప్పుపట్టకముందు నిద్రనీ, ఫోన్‌నీ చూడండి. బోర్లా పడుకుంటే మెడ గంటల తరబడి ఒక పక్కకి పూర్తిగా తిరిగి ఉంటుంది. పక్కకి పడుకుంటే దిండు ఎత్తు భుజం వెడల్పుకి సరిపోవాలి.

నొప్పి మళ్ళీ తిరగబెడితే కంగారుపడి మంచం పట్టకండి. 48 గంటలు 2వ అడుగులోని తేలిక వ్యాయామాలు, నడక, కాళ్ళ వ్యాయామాలు మాత్రమే చేయండి. చెయ్యి తల మీద పెట్టుకుంటే హాయిగా ఉంటే ఆ భంగిమలో కాసేపు కూర్చోండి, నరం మీద లాగుడు తగ్గుతుంది. మూడో రోజుకి చెయ్యి తేలికపడితే ఆపిన చోట బరువులో సగంతో మొదలుపెట్టి రెండు వారాల్లో పాత స్థాయికి రండి. తేలికపడకపోతే, లేదా ఆ మూడో రోజున బలం కొలిస్తే పోయినసారికన్నా మూడోవంతు పడిపోయి ఉంటే, ఇక బరువులు ముట్టుకోకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళండి. మీరు రాసుకున్న చేతి బలం అంకెల కాగితం వెంట తీసుకెళ్ళండి. స్కాన్ తీయాలా వద్దా అని తేల్చడానికి ఆయనకి అది బాగా ఉపయోగపడుతుంది.